గోధుమరంగు కోట్ల దళం

నెవార్క్ ఊళ్ళో యుద్ధక్రీడల బొమ్మ సిపాయిలు అమ్మే దుకాణం, దాని వెనక గది. నవంబరు మధ్యాహ్నం. బల్లకి ఇటు దుకాణం నడిపే క్లెమెంట్ హాలమ్, అటు డబ్బాలు పట్టుకొచ్చిన మ్యూరియెల్ ఒల్లర్టన్.

"...అలా కాదమ్మా, తలకాయ పట్టుకుని ఎత్తకండి. కాళ్ళ కింద బిళ్ళ ఉంది చూశారా, దాన్ని పట్టుకోవాలి. తల పట్టుకుంటే రంగు పోతుంది."

"అయ్యో, నాకు తెలీదు."

"ఫర్వాలేదు, అందరూ అంతే. ఇలా ఇవ్వండి. భూతద్దం ఏదీ, ఇప్పుడేగా ఇక్కడ పెట్టాను..."

"మీ నుదుటి మీదే ఉంది, హాలమ్ గారూ."

"ఆఁ, ఉంది. టీ తాగుతారా? బయట చలి కొరికేస్తోంది."

"తర్వాత తాగుతాను. ముందు చూడండి."

"చూస్తాను. చూసేముందు ఒక మాట, మిసెస్ ఒల్లర్టన్. మీవారు ఏప్రిల్లో పోయారని ఫోన్లో చెప్పారు. చాలా బాధగా ఉంది. ఇలా డబ్బాలు పట్టుకుని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు నా దగ్గరికి. భార్యలు, కొడుకులు. నిజం చెబితే వాళ్ళు ఏడుస్తారు. అబద్ధం చెబితే నాకు నిద్రపట్టదు. మీకేం కావాలో చెప్పండి."

"నిజమే కావాలి. బాగున్నాయో లేవో చెప్పండి, అంతే."

"అంటే అమ్మడానికి..."

"అమ్ముతానని నేననలేదు."

"మరి యుద్ధక్రీడల క్లబ్బుకి ఇచ్చేద్దామనా? మా క్లబ్బువాళ్ళయితే..."

"ముందు చూడండి."

"సరే, సరే. మీవారి పేరేమిటన్నారు?"

"ఐవర్."

"ఐవర్. నాకు పేర్లు నిలవవు. ఎవరు ఏ రంగు సీసా కొంటారో మాత్రం నిలుస్తుంది. ఊఁ, చూద్దాం. నెపోలియన్ కాలం. టోపీ ఇదీ, కోటు ఇదీ... పోర్చుగీసువాళ్ళా? తమాషాగా ఉందే."

"ఏం తమాషా?"

"వీళ్ళనెవరూ కొనరు. వచ్చినవాడల్లా ఫ్రెంచివాళ్ళనో, మన ఎర్రకోటు ఇంగ్లీషువాళ్ళనో అడుగుతాడు. ఎర్రకోటుకి రంగు వేస్తే గుమ్మంలోంచి కనిపిస్తుంది. వీళ్ళవి గోధుమరంగు కోట్లు. కొండల్లో రాళ్ళచాటున నక్కి కాల్చేవాళ్ళు. బల్ల మీద పెడితే బల్లరంగులో కలిసిపోతారు. ఇలాంటివాళ్ళని ఏరికోరి తెచ్చుకున్నారంటే ఆ మనిషిలో ఏదో ఉండాలి."

"ఏదో అంటే?"

"మొండితనం."

"అది ఉంది. బోలెడు ఉంది."

"ఇదిగో, ఈ ముందు వరుసవాణ్ణి చూడండి. అద్దంలోంచి చూడండి. పక్కలో గీత ఉందా?"

"ఏ గీత?"

"అచ్చు గీత. రెండు పలకల మధ్య సీసం పోస్తారు కదా, ఆ పలకలు కలిసేచోట బొమ్మకి ఒక సన్నటి గీత పడుతుంది. చెవి మీదుగా, భుజం మీదుగా, కాలిదాకా. రంగు వేసేముందు ఆకురాయితో దాన్ని అరగదియ్యాలి. బద్ధకస్తులు వదిలేస్తారు. అప్పుడు సిపాయిని పక్కన కుట్టేసినట్టు ఉంటుంది. ఇక్కడ చూడండి, చంకలో కూడా తీసేశారు. చంకలో ఎవరు చూస్తారండీ?"

"మీరు చూస్తున్నారుగా."

"నా పని అది. ఇప్పుడు మొహం చూడండి. గడ్డం గీసుకుని రెండు రోజులైనట్టు లేదూ? బూడిదరంగు ఒక్క చుక్క దవడకి రాసి తుడిచేశారు. మనిషేమో బొటనవేలంత కూడా లేడు. వీడు పక్కవాడివైపు చూస్తున్నాడు, గమనించారా? కంట్లో చుక్కని ఒక వెంట్రుకవాసి పక్కకి పెట్టారు. అంతే. వీడికి భయంగా ఉంది. పక్కవాడు నిలబడితే వీడూ నిలబడతాడు."

"అవును. భయంగా ఉన్నాడు."

"కాలరు రంగు, ముంజేతి పట్టీ రంగు పటాలానికొకటి మారాలి. ఇక్కడ మారింది. చదువుకుని వేశారన్నమాట. నేను పోటీల్లో న్యాయనిర్ణేతగా కూర్చుని ముప్ఫయ్యేళ్ళవుతోంది. ఇలాంటి చెయ్యి నాలుగైదు సార్లు చూసుంటాను, అంతకంటే లేదు."

"నన్ను ఓదార్చడానికి అనడం లేదుకదా?"

"ఓదార్చడం నాకు రాదు. బయట ఎవర్నయినా అడగండి."

"అడిగే వచ్చాను. మీరు కసాయివాడన్నారు."

"ఎవరన్నారు?"

"అందరూ."

"మంచిది. సరే, ఆ రెండో డబ్బా ఇలా జరపండి. వెనక వరుసలు... హుఁ."

"ఏమిటి?"

"ఏం లేదు. చూడనివ్వండి."

"హుఁ అన్నారు."

"అన్నాను. ఆగండి, ఇంకోటి చూస్తాను. ఇదీ అంతే. ఇదీ."

"చెప్పండి. నిజమే కావాలన్నాను."

"ఇవి బాగోలేదమ్మా. రంగు ముద్దగా ఉంది. గుండీలు పూడిపోయాయి. కోటు మడతలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో తెలీడం లేదు. మొహాలయితే పిండిముద్దలే. రంగు మాత్రం అదే గోధుమరంగు. అచ్చం ఆ ఛాయే రావాలని చాలా తాపత్రయపడ్డారు, రాలేదు. మీవారికి చివర్లో చూపేమైనా మందగించిందా?"

"లేదు. కళ్ళద్దాలు లేకుండానే పేపరు చదివేవాడు."

"చేతులు వణికేవా?"

"బస్సు డిపోలో బ్రేకులు బిగించేవాడు హాలమ్ గారూ. పదవీవిరమణ అయ్యాక కూడా సీసా మూత రాకపోతే ఆ వీధివాళ్ళంతా మా ఇంటికే వచ్చేవాళ్ళు. వణకడమేమిటి?"

"మరి ఇదేం లెక్క? వయసులో ఉండగా అంత బాగా వేసినవాడు, కళ్ళూ చేతులూ బాగుండగానే ఇలా ఎలా వేస్తాడు? ఇంకో విచిత్రం చెప్పనా. ఈ బాగున్నవి ఉన్నాయే, ఇవి బాగా ఆడినవి. బిళ్ళ అంచుల్లో చూడండి, బొటనవేలు పడేచోట రంగు అరిగిపోయింది. తుపాకుల కొనలు కొన్ని వంకరపోయాయి. ఈ బాగోలేనివి ఒక్కసారి కూడా ఆటబల్ల ఎక్కలేదు. వార్నిషు వేసింది వేసినట్టే ఉంది. లోకంలో ఎవరైనా బాగున్నవి అద్దాల బీరువాలో దాచుకుని, పాడైనవాటితో ఆడతారు. ఈయన తలకిందులుగా చేశాడేం?"

"నాకేం తెలుసు. ఆయన రంగులేసుకునే గదిలోకి నేను వెళ్ళేదాన్ని కాదు."

"ఎప్పుడూనా?"

"టీ తాగుదామన్నారు కదా."

"ఇదిగో, పెడతాను. ఆగండి ఆగండి. మీవారిది ఎడమచేతి వాటమా?"

"కాదు. ఎందుకు?"

"ఈ తెల్ల పట్టీలు చూడండి, గుండెల మీద అడ్డంగా ఉన్నవి. కుంచె ఆనించినచోట రంగు చిక్కగా పడుతుంది, లేచేచోట పల్చబడుతుంది. బాగున్నవాటిలో కుడివైపు చిక్కన, ఎడమవైపు పల్చన. బాగోలేనివాటిలో ఎడమవైపు చిక్కన. ఇది ఒకరి పని కాదు. ఇద్దరిది. బాగున్నవి వేసినవాళ్ళది ఎడమచేతి వాటం. ...మిసెస్ ఒల్లర్టన్?"

"ఊఁ."

"ఏమైంది?"

"రొవీనాది ఎడమచెయ్యి."

"రొవీనా ఎవరు?"

"మా అమ్మాయి. ఈ దళం దానిది, అన్నీ ఆయన వేసినవే అనుకున్నాను. పదమూడేళ్ళప్పుడు మొదలుపెట్టింది. వంటింటి బల్ల మీద కొండలు కట్టేది, పుస్తకాల మీద దుప్పటి పరిచి. వాళ్ళ నాన్న ఫ్రెంచి సేనాపతి. ఆయనకి సైన్యం లేదు, ఉప్పుసీసాలు, మిరియాల డబ్బాలు నిలబెట్టుకునేవాడు. రోజూ ఓడిపోయేవాడు. నేను అన్నం పెట్టాలి, యుద్ధం తీయండిరా అని అరిచేదాన్ని."

"వీళ్ళనే ఎందుకు తీసుకుందట?"

"ఎవరూ అడగరు కాబట్టి. 'పాపం వీళ్ళని ఎవరూ అడగరమ్మా' అంది."

"బాగుంది. ఆగండి. రొవీనా. రొవీనా ఒల్లర్టన్. మీవారు పొడుగ్గా, డిపో కోటు వేసుకుని, గోళ్ళలో గ్రీజుతో... శనివారం పొద్దున్నే?"

"శనివారాలు అలా నడిచొస్తానని వెళ్ళేవాడు."

"నడిచి ఇక్కడికే వచ్చేవాడు. గోధుమరంగు సీసా ఒకటి, సన్న కుంచె ఒకటి. ఏమిటండీ, ఆయనా ఐవర్! ఇరవయ్యేళ్ళ పైమాటే. 'మా అమ్మాయికి' అనేవాడు ఎప్పుడూ. నేను నిజంగానే అమ్మాయి వేసుకుంటోందనుకున్నాను. ఆయన కుంచె పడతాడని ఒక్కనాడూ అనలేదు. ఇప్పుడర్థమైంది. అమ్మాయి ఇల్లు వదిలి వెళ్ళిపోయాక మిగతావి ఈయన పూర్తిచేద్దామని కూర్చున్నాడు. చూశారా, నాకు చెబితే నాలుగు కిటుకులు నేర్పేవాణ్ణి. మరి ఆవిడ ఇంకా యార్కులోనే ఉందా? స్కూల్లో?"

"ఏమన్నారు?"

"యార్కులో చరిత్ర పాఠాలు చెబుతోందని అన్నాడే. ముందు లీడ్సులో చదువుతోందన్నాడు. తర్వాత ఉద్యోగం వచ్చిందని ఒకరోజు మెరిసిపోతూ వచ్చాడు, ఆవేళ రెండు కుంచెలు కొన్నాడు. కుక్కని కూడా పెంచుతోందిగా."

"కుక్కనా?"

"ఎవరో వదిలేసిన కుంటికుక్కని తెచ్చుకుందని చెప్పాడు. పేరు... బార్లీ. అవును, బార్లీ."

"బార్లీ."

"అందుకే చెప్పేది వినండి. ఈ వెనక వరుసల సంగతి నన్నడగడం కంటే ఆవిడ్నే అడగండి. రంగు కడిగేసి కూర్చుందంటే పది రోజుల్లో..."

"హాలమ్ గారూ. రొవీనా పంతొమ్మిదో ఏటే పోయింది."

"పోయిందా? రొవీనానా?"

"లీడ్సులో చేరిన మొదటి చలికాలం. తలనొప్పిగా ఉందమ్మా అని ఫోన్ చేసింది. కాసేపు పడుకో, తగ్గుతుందిలే అన్నాను. మెదడుపొరల జ్వరమట. మేము వెళ్ళేసరికి మమ్మల్ని గుర్తుపట్టలేదు."

"నేను... ఆయన అలా చెబుతుంటే నేను..."

"మీరేం చేస్తారు. కూర్చోండి."

"టీ పెడతాను."

"టీ వద్దు. కూర్చోండి. ఇంకా ఏం చెప్పాడు?"

"వద్దులెండి, మిసెస్ ఒల్లర్టన్."

"చెప్పండి. ఇంట్లో దాని పేరు ఎత్తలేదు ఆయన. సమాధి చేసి వచ్చిన వారానికి గదిలో దాని బొమ్మలన్నీ సర్దేశాడు. పారేశాడనుకున్నాను. తర్వాత తనే బొమ్మలు తెచ్చుకుని ఆ గదిలో కూర్చోవడం మొదలుపెట్టాడు. నేను దాని మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. తలుపేసుకునేవాడు. నేను గుమ్మం బయట టీ కప్పు పెట్టి వచ్చేదాన్ని. పొద్దున్న చూస్తే చల్లారిపోయి అలాగే ఉండేది. కూతురు పోతే ఈయనకి బొమ్మలు దొరికాయి, నాకేం దొరికింది అనుకున్నాను. అలా అనుకుంటూనే ఆయనకి వండి పెట్టాను, బట్టలు ఉతికాను. ఎదురెదురుగా కూర్చుని తిన్నాం ఇన్నేళ్ళూ. నా దగ్గర నోరు విప్పనివాడు మీకు కుక్క పేరు కూడా చెప్పాడు. ఇంకా ఏం చెప్పాడో నాకు తెలియాలి."

"ఏముంది... నది పక్కన చిన్న ఇల్లన్నాడు. వరదొస్తే మెట్లదాకా నీళ్ళొస్తాయన్నాడు. వంట రాదన్నాడు."

"గుడ్లు మాడుస్తుందన్నాడా?"

"అన్నాడు."

"అది నిజమే. మాడ్చేది. గిన్నె స్టవ్ మీద పెట్టి పుస్తకం తీసుకునేది."

"పెళ్ళీ గిళ్ళీ అని నేనొకసారి అడిగాను. దానికి తొందర లేదు, నాకూ లేదన్నాడు."

"ఎంతదాకా వచ్చింది?"

"ఎంతదాకా అంటే?"

"వయసు. మీ దగ్గర ఎంతదాకా పెరిగింది?"

"నలభై దాటింది. చివరిసారి వచ్చినప్పుడు, ఫిబ్రవరిలో, చదువుకునే కళ్ళద్దాలు వచ్చాయన్నాడు. 'ఇప్పట్నుంచే ఏమిటో హాలమ్, మా వైపు అందరికీ కళ్ళు గట్టివి' అన్నాడు. నేను మీ ఆవిడ వైపువాళ్ళ పోలికేమో అన్నాను, నవ్వుతూ."

"ఏమన్నాడు?"

"'అంతా వాళ్ళమ్మ పోలికే' అన్నాడు."

"నా పోలికేనట."

"మ్యూరియెల్ గారూ. ఇదిగో, ఈ గుడ్డ తీసుకోండి. శుభ్రమైనదే. రంగులు తుడిచేది కాదు."

"ఇంట్లో పంతొమ్మిది దగ్గరే ఆగిపోయింది. ఇక్కడ దానికి కళ్ళద్దాలు వచ్చాయి. నాకు కూడా చెప్పి ఉంటే... ఒక్క శనివారం నన్నూ తీసుకొచ్చి ఉంటే. నేనూ అడిగేదాన్ని కదా కుక్క ఎలా ఉందని."

"మీతో ఎలా చెబుతాడండీ. మీకు నిజం తెలుసు. మీ మొహం చూస్తే అమ్మాయి లేదని తెలిసిపోతుంది. నాకేమీ తెలీదు కాబట్టి చెప్పుకున్నాడు."

"అలాగే అయ్యుంటుంది."

"నాకూ తెలిసి ఉంటే బాగుండేది. వట్టి ఇరవయ్యేళ్ళ రంగుసీసాల బేరం అనుకున్నాను."

"మీరు పెంచారు దాన్ని. తెలీకుండానే. అడుగుతూ ఉండబట్టే కదా ఆయన చెప్పాడు. సరే. ఈ వెనకవాళ్ళ సంగతి చెప్పండి. మధ్యలో ఆగిపోయారు."

"ఇంకా ఎందుకండీ ఇవాళ."

"చెప్పండి. ఆ పని మీదే వచ్చాను."

"అయితే ఇందాక నేనన్నదాంట్లో కొంత వెనక్కి తీసుకోవాలి. రంగు ముద్దగా ఉందన్నాను, పూడిపోయిందన్నాను. అజాగ్రత్త అనుకున్నాను. ఇక్కడ మోచెయ్యి దగ్గర చిన్న పెచ్చు లేచింది, అద్దంలోంచి చూడండి. పైన గోధుమరంగు. దాని కింద?"

"ఇంకో గోధుమరంగు. కాస్త ఎర్రగా ఉంది."

"దాని కింద?"

"ఇంకోటి. ఇది మరీ పసుపు."

"ఇదిగో ఈ మొహం కూడా అంతే. నాలుగు మొహాలున్నాయి ఒకదాని మీద ఒకటి. వేశాడు. అమ్మాయి వేసినవాడి పక్కన పెట్టి చూసుకున్నాడు. నచ్చలేదు. మళ్ళీ వేశాడు. ప్రతి సిపాయికీ ఇదే పని. గుండీలు పూడిపోయింది అందుకు. వేయడం రాక కాదు, వదల్లేక."

"పాత రంగు కడిగి వేసుకోవచ్చుగా. ఇందాక మీరే అన్నారు కడిగేయొచ్చని."

"కడిగే మందు ఉంది, ఆ అరలోనే ఉంది. ఆయన ఎప్పుడూ అడగలేదు. అడిగితే వేస్తోంది తనేనని నాకు తెలిసిపోదూ? అమ్మాయికి ఆ మందుతో పనేముంది, అంత బాగా వేసేది."

"అంతేనన్నమాట. నేను తలుపు బయట నిలబడి, హాయిగా ఆడుకుంటున్నాడు అనుకునేదాన్ని."

"ఆడలేదు. వీళ్ళతో ఎవరూ ఆడలేదు."

"హాలమ్ గారూ, ఇన్నేళ్ళు వేశాడు కదా. చివరికైనా చెయ్యి తిరిగిందా?"

"నిజమే చెప్పాలా?"

"ఇంకా అడుగుతారేం?"

"లేదు. మొహాలు చివరిదాకా రాలేదు. ఈ ఆఖరి డబ్బాలో మాత్రం పట్టీలు కుదిరాయి. చూడండి, అంచులు తిన్నగా వచ్చాయి, చేతులు మారినట్టు కూడా తెలీదు. పట్టీలు పట్టుబడ్డాయి."

"ఇరవయ్యేళ్ళకి పట్టీలు."

"పట్టీలే."

"చాలు. దానికి తిన్నగా ఉండాలి పట్టీలు. వంకరగా ఉంటే ఉప్పుసీసాలు గెలుస్తాయనేది."

"ఒక పని చేద్దాం. లేవండి. వీళ్ళని ఆ పెద్దబల్ల మీద నిలబెడతాను. ముందు అమ్మాయివి, వెనక ఆయనవి... ఇలా. దీపం తీసేస్తున్నాను. ఇప్పుడు మీరు వెనక్కి రండి, ఇంకా, ఇక్కడిదాకా. ఆటలో మనిషి నిలబడేది ఇక్కడ. సిపాయిల్ని చూసేది ఇంత దూరం నుంచే. భూతద్దం పోటీలకే గానీ యుద్ధానికి కాదు. ఇప్పుడు చెప్పండి, తేడా తెలుస్తోందా?"

"లేదు."

"నాకూ తెలీడం లేదు. పోటీకి పెడితే సగం నిలుస్తుంది, సగం నిలవదు. ఆటకి పెడితే మాత్రం దళం దళమే. ఎవరూ వంక పెట్టలేరు. నేను కూడా. రాసిమ్మంటే రాసిస్తాను."

"రాయక్కర్లేదు. విన్నాను."

"వచ్చే వసంతంలో మా క్లబ్బువాళ్ళు ప్రదర్శన పెడుతున్నారు. అమ్మాయి వేసినవాటిని అద్దాల బీరువాలో పెట్టమని నేను అడుగుతాను. పేరు కూడా రాసి పెడదాం. ఆ చెయ్యి నలుగురూ చూడాలి."

"వెనకవాళ్ళు?"

"వాళ్ళని మీరు ఇంట్లో ఉంచుకోండి."

"విడదీయను."

"ఊరికే అన్నాను. విడదీయొద్దు."

"ఇంకొకటి చూడాలి మీరు. సంచిలో ఉంది. ఇదిగో."

"దీన్ని ఒక్కదాన్నే వేరుగా రుమాల్లో చుట్టారేం?"

"దేనికైనా తగులుతుందేమోనని. చూడండి. ఇందాక మిగతావాళ్ళకి చెప్పినట్టే చెప్పండి. మొహమాటపడకండి."

"నాకెక్కడిది మొహమాటం. దీపం వెయ్యండి. ఊఁ. ఇది ఐవర్ మొట్టమొదట వేసిందా?"

"చూడండి."

"ఇది మరీ అన్యాయంగా ఉందండీ. అచ్చు గీత ముట్టుకోలేదు. సీసాలో రంగు సీసాలో ఉన్నట్టే పూసేశారు, పల్చన చేసుకోవాలని తెలీదు. కాలరు రంగు గడ్డందాకా పాకింది. ఒక కన్ను టోపీ కిందికి పోయింది, ఇంకోటి బుగ్గ మీద ఉంది. చెయ్యి బల్లకి ఆనించుకోకుండా గాల్లో పెట్టి వేశారు, మోచెయ్యి ఆనించాలని ఎవరూ చెప్పినట్టు లేదు. కాదు, ఇది ఐవర్ పని కాదు. ఆయన ఎలా వేసినా ముందు పునాది రంగు పూసేవాడు. దీనికి అదీ లేదు, వట్టి సీసం మీద పూశారు. అదేమిటి, వేలికి అంటుతోందే. ఇంకా ఆరలేదు. ఐవర్ పోయింది ఏప్రిల్లో అన్నారు కదూ?"

"ఏప్రిల్లోనే."

"మరి ఇది చుట్టాలపిల్లలెవరో చేతులు పెట్టారు. మంచి బొమ్మని పాడుచేశారు. ఇకమీదట వాళ్ళని ఆ బల్ల దగ్గరికి రానివ్వకండి, మ్యూరియెల్ గారూ."

"రానివ్వక ఎలా కుదురుతుంది హాలమ్ గారూ, ఇంకో డబ్బా నిండా రంగు పడనివాళ్ళు ఉండిపోయారు, వేసేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను, కళ్ళు ఎలా పెట్టాలో కాస్త చూపించండి."